రెండు సీట్ల కారు, ఇద్దరు పిల్లలు

రెండు సీట్ల కార్ల మీద మనసుపడ్డ తల్లిదండ్రుల ఉత్తరాలు ఈసారి ఒకచోట పెట్టాం. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. మిగతావాళ్లు కూడా దాన్ని చదివితే మేం చెప్పిందే మళ్లీ చెప్పక్కర్లేదు.

ప్రశ్న: పెద్దదానికి నాలుగేళ్లు, చిన్నోడికి తొమ్మిది నెలలు. ఇంట్లో ఒక ఎస్‌యూవీ ఉంది, దాన్ని అమ్మను. కాలేజీ రోజుల నుంచీ టాప్ తెరుచుకునే కారంటే మోజు. ఇప్పుడు బెంగళూరులో 2012 బీఎండబ్ల్యూ జెడ్4 ఎస్‌డ్రైవ్ 35ఐ ఒకటి అమ్మకానికి ఉంది. 46 వేల కిలోమీటర్లు తిరిగింది, కర్ణాటక రిజిస్ట్రేషన్. డబ్బు సమకూరింది. "పిల్లల్ని డిక్కీలో కూర్చోబెడతావా?" అని మా ఆవిడ ఒకటే పోరు. చిన్నోడి సీటు ముందు పెట్టొచ్చా? మా సెల్లార్‌లోకి బండి దిగుతుందా? కొనమంటారా, వద్దంటారా?
— పేరు వేయొద్దన్న పాఠకుడు, నల్లగండ్ల

జవాబు: ఎస్‌యూవీ అమ్మను అన్నారు చూశారా, మా జవాబంతా ఆ మాట మీదే నిలబడి ఉంది. ఇంట్లో ఉండేది అదొక్క కారే అయితే ఇంకో మాట లేకుండా వద్దనేవాళ్లం. రెండో బండిగా అయితే కొనుక్కోవచ్చు. కానీ చిన్నోడిని అందులో ఎక్కించే ఆలోచన ఇప్పుడే వదిలేసి కొనండి.

తొమ్మిది నెలల పిల్లాడు వెనక్కి తిరిగి ఉండే సీట్లోనే కూర్చోవాలి. ఆర్129 అనే యూరప్ ప్రమాణం ప్రకారం కనీసం 15 నెలలు నిండేదాకా అంతే. ఆ సీటు ముందు బిగిస్తే దాని వీపు డ్యాష్‌బోర్డును దాదాపు ఆనుకుని ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ గంటకు 250 కిలోమీటర్లకు పైబడిన వేగంతో విచ్చుకుని నేరుగా ఆ వీపునే కొడుతుంది. పెద్దవాళ్లు తలుపు తీసుకుని నడిచి దిగే గుద్దులో కూడా పసివాడి ప్రాణం పోవచ్చు. అందుకే ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ పూర్తిగా ఆగితే తప్ప ఆ సీటు ముందు పెట్టకూడదు.

దాన్ని ఆపడానికి కొన్ని కార్లలో తాళంచెవితో తిప్పే స్విచ్ ఉంటుంది. ప్యాసింజర్ తలుపు తెరిస్తే డ్యాష్‌బోర్డు అంచున కనిపిస్తుంది. అది అన్ని బళ్లకూ ఉండదు. "సీటు కింద సెన్సర్ ఉంది సార్, అదే ఆపేస్తుంది" అని అమ్మేవాళ్లు అంటారు. అది వేరు, ఇది వేరు. సీటు కింద మ్యాట్ బరువును చూసి ఊహిస్తుంది. సీటును బెల్టుతో బిగించి లాగితే ఆ బిగువు కూడా బరువులాగే కనపడొచ్చు. పైగా ఈ కాలం నాటి బీఎండబ్ల్యూల్లో ఆ మ్యాట్ పాడవడం మామూలే, పాడైతే ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక దీపం వెలుగుతుంది. దీపం కనపడకుండా చేసి అమ్మే ఘనులూ ఉన్నారు. ఇగ్నిషన్ వేయగానే ఆ దీపం ఒకసారి వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ బండి దగ్గర ఇంకో నిమిషం కూడా నిలబడొద్దు.

పెద్దదాని సంగతి వేరు. ఆమె ముందుకు తిరిగిన సీట్లో, అయిదు పట్టీల బెల్టుతో కూర్చోవచ్చు. రోజువారీ తిరుగుడుకు ఎస్‌యూవీ వెనక సీటే. ఆదివారం పొద్దున్నే నాన్నతో ఒక రౌండుకు ఇది సరే. ప్యాసింజర్ సీటును చివరిదాకా వెనక్కి జరపండి. కారు మాన్యువల్ ముందు సీట్లో పిల్లల సీటు గురించి ఏం చెప్పిందో అదే చేయండి. ఐసోఫిక్స్ (పిల్లల సీటును నేరుగా కారుకే తగిలించే ఏర్పాటు) ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోండి: సీటు, వీపు కలిసేచోట 28 సెంటీమీటర్ల ఎడంతో రెండు ఇనుప కడ్డీలు తగలాలి. స్పోర్ట్స్ సీట్లకు రెండు పక్కలా ఎత్తుగా గట్లుంటాయి. పిల్లల సీటు అడుగు వాటి మధ్యలో కూర్చోకుండా పైకెక్కి ఊగుతుంటే ఎంత బిగించినా లాభం లేదు. బెంగళూరు వెళ్లేటప్పుడు సీటు వెంట తీసుకెళ్లి బిగించి చూడండి.

ఇక సెల్లార్. ఇలాంటి కార్లకు నేలకూ అడుగుభాగానికీ మధ్య ఖాళీ చాలావాటికి 11 నుంచి 13 సెంటీమీటర్లు. సరిగ్గా ఎంతో మాన్యువల్‌లో చూడండి. తర్వాత రెండు ఇటుకలు, ఒక పురికొస తీసుకుని సెల్లార్‌కు దిగండి. ఈ జెడ్4 ముందు, వెనక చక్రాల మధ్య దూరం దాదాపు రెండున్నర మీటర్లు. ర్యాంప్ పైన నేల వంపు తిరిగేచోటుకు అటు మీటరుంబావు, ఇటు మీటరుంబావు దూరంలో ఇటుకలు నిలువుగా పెట్టండి. వాటి తలల మీదుగా పురికొస బిగుతుగా లాగి పట్టుకుంటే, వంపు దగ్గర నేలకూ పురికొసకూ మధ్య ఎంతుందో టేపుతో కొలవండి. నిలబెట్టిన ఇటుక ఎత్తు 23 సెంటీమీటర్లు. అందులోంచి కొలిచింది తీసేస్తే వచ్చేదే మీ ర్యాంప్ మింగే ఎత్తు, అది కారు కింది ఖాళీ కన్నా తక్కువ ఉండాలి. వాలు ఎనిమిదికి ఒకటి (ఎనిమిది మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు దిగేది) అయితే లెక్క దాదాపు 8 సెంటీమీటర్లు వస్తుంది, బండి హాయిగా దాటుతుంది. ర్యాంప్ ఇంకా నిటారుగా, అయిదుకు ఒకటి వాలుతో ఉంటే పన్నెండున్నర వస్తుంది, పొట్ట రాసుకుంటుంది. ఇద్దరు కూర్చుంటే స్ప్రింగులు దిగుతాయి కాబట్టి రెండు మూడు సెంటీమీటర్లు అదనంగా వదలండి. ర్యాంప్ కింది మలుపులో ముందు బంపర్ గీసుకోవడం వేరే సంగతి. దాన్ని ఈ కొలత చెప్పదు, అక్కడ బండిని కాస్త ఐమూలగా దించడమే మార్గం.

స్పీడ్ బ్రేకర్లకూ ఇదే పురికొస. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతల్లో వేసినది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో పరుచుకుని ఉంటుంది. దానిమీద చక్రాలు కూడా పైకెక్కుతాయి కాబట్టి మింగే ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లే. బాధంతా కాలనీవాళ్లు రాత్రికి రాత్రి వేసుకునే సిమెంటు గట్లతో. అడుగున్నర వెడల్పు, అరచెయ్యంత ఎత్తు. అక్కడ ఉన్న ఎత్తంతా మింగేస్తుంది. ఒక్కో చక్రం విడివిడిగా ఎక్కేలా ఐమూలగా దాటాలి. ఇంటికీ మెయిన్ రోడ్డుకూ మధ్య అలాంటివి ఎన్నున్నాయో ముందే లెక్కపెట్టుకోండి.

పార్కింగ్ గడి వెడల్పు రెండున్నర మీటర్లనుకుంటే, 1.79 మీటర్ల కారు మధ్యలో పెడితే ఒక్కో పక్క 35 సెంటీమీటర్లే మిగులుతుంది. రెండు తలుపుల కార్లకు తలుపులు పొడుగు. అంత సందులో నాలుగేళ్ల పిల్లను సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టడం అయ్యే పని కాదు. స్తంభం మీ కుడివైపు వచ్చే గడి ఉంటే అడిగి మార్చుకోండి, లేదా పిల్లను బయట ఎక్కించుకోండి.

కారు చూసేటప్పుడు టాప్‌తోనే మొదలుపెట్టండి. ఇది గుడ్డ టాప్ కాదు, రెండు అల్యూమినియం పలకలు 20 సెకన్లలో ముడుచుకుని డిక్కీలోకి వెళ్తాయి. చల్లని బండి మీద ఒకసారి, గంటసేపు ఎండలో నిలబెట్టాక వరసగా మూడుసార్లు తెరిచి మూయించండి. పంపు శబ్దం వస్తూ మధ్యలో ఆగితే హైడ్రాలిక్స్ మీద అనుమానపడాలి. ఏ శబ్దమూ లేకుండా ఆగితే ఎక్కువగా వైర్లే: టాప్ కీళ్ల దగ్గర ప్రతిసారీ వంగే వైర్ల కట్ట నలిగి నలిగి పైతొడుగు లోపలే తెగుతుంది. అంతకుముందు డిక్కీలోని అడ్డుతెర కిందికి దించి ఉందో లేదో చూడండి. అది దించకపోతే బాగున్న టాప్ కూడా కదలదు. టాప్ మూసి ఉంటే డిక్కీ 310 లీటర్లు, తెరిస్తే 180. అంటే టాప్ తెరిచి వెళ్లిన రోజు రెండు బ్యాగులే, స్ట్రోలర్ ఇంట్లోనే.

ఇంజన్ మూడు లీటర్ల ట్విన్ టర్బో, ఎన్54 అంటారు. 306 హార్స్‌పవర్. గొప్ప ఇంజనే, జబ్బులు మాత్రం పేరుమోసినవి. మీరు వెళ్లేసరికి అమ్మేవారు బండి వేడి చేసి ఉంచకూడదు, బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉన్నప్పుడు చాలాసేపు తిరిగి గానీ స్టార్ట్ కాకపోతే హై ప్రెషర్ ఫ్యూయల్ పంప్‌ను అనుమానించండి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సన్నగా గలగలమంటే టర్బో వేస్ట్‌గేట్ (టర్బో ఒత్తిడిని అదుపు చేసే కవాటం) వదులైందన్నమాట. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్ కారి నూనె బెల్టు మీద పడుతోందేమో టార్చి వేసి చూడాలి. నానిన బెల్టు జారి చిరిగితే దాని పీచు క్రాంక్ సీల్ (ఇంజన్ ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు రింగు) గుండా ఇంజన్లోకి దూరుతుంది, అక్కడితో చిన్న లీకు పెద్ద బిల్లు అవుతుంది. వాటర్ పంప్ కరెంటుది. అది పోయేముందు పెద్దగా చెప్పిరాదు. పదేళ్లు దాటిన బండికి మార్చిన బిల్లు చూపించలేకపోతే, థర్మోస్టాట్‌తో కలిపి మీరే మార్పించుకోండి. మే నెలలో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర తెలుసుకోవాల్సిన విషయం కాదది.

46 వేల కిలోమీటర్లే తిరిగిందంటే సంతోషపడకండి. ఏడాదికి నాలుగు వేలు కూడా తిరగని బండికి రబ్బరు ఎండిపోతుంది. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. గీతలు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటినవి మార్పించుకునే లెక్కలోనే బేరం చేయండి. ముందు, వెనక టైర్ల సైజులు వేరు కాబట్టి అటుదిటు మార్చి వాడటం కుదరదు. స్టెప్నీ ఉండదు. రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటే పంక్చరయ్యాక 80 దాటని వేగంతో సుమారు 80 కిలోమీటర్లు వెళ్లొచ్చు. ఎవరైనా మామూలు టైర్లు వేసి ఉంటే పంక్చర్ కిట్, గాలి పంపు డిక్కీలో ఉండాల్సిందే.

కాగితాలు. బెంగళూరు ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ, లోన్ ఉంటే అది తీరినట్టు ఫారం 35, అమ్మకానికి 29, 30. ఇక్కడికి తెచ్చాక కొత్త నంబర్‌కు ఫారం 27. తెలంగాణ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, బండి వయసును బట్టి తగ్గుతుంది. ఒకే పేరు మీద రెండో బండి అయితే శాతం పెరుగుతుంది. కాబట్టి ఎవరి పేరు మీద తీసుకోవాలో ముందే ఆలోచించుకోండి (మీ ఆవిడ పేరు మీద తీసుకుంటే ఇంట్లో పోరు కూడా కాస్త తగ్గొచ్చు). కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన భాగాన్ని అమ్మినాయన కాకుండా మీరే వాపసు అడిగేలా ఒప్పందంలో రాసుకోండి. బండి చేతికొచ్చిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్పించుకోండి. ఆయన నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే వెళ్లిపోతుంది, ప్రీమియం ఆ లెక్కన వేసుకోండి.

పెట్రోల్ లీటరు 107 రూపాయలు, ఊళ్లో లీటరుకు 8 కిలోమీటర్లు అనుకుంటే ఏడాదికి 6 వేల కిలోమీటర్లకు 80 వేలు. ఇది పెద్ద ఖర్చు కాదు. పెద్దది మరమ్మతులది: బండి ధరలో అయిదో వంతు తీసి పక్కన పెట్టాకే మిగిలింది మీ బడ్జెట్. పక్కన పెట్టలేకపోతే మీరు చూస్తున్నది మీ స్తోమతుకు మించిన కారు.

చివరిగా, అడ్వాన్స్ ఇచ్చేముందు రెండు వారాలు ఫ్రిజ్ మీద కాగితం అంటించి, ఇద్దరు పిల్లలూ ఎప్పుడెప్పుడు ఎవరితో బండెక్కారో రాయండి. ప్లేస్కూల్, డాక్టరు, అమ్మమ్మగారిల్లు, అన్నీ. ఎస్‌యూవీ మీ ఆవిడ ఆఫీసు దగ్గర, పిల్లలు మీ దగ్గర ఉన్న గంటలు వారానికి అయిదారు తేలితే, ఆ గంటల్లో ఈ జెడ్4 మీకు కారు కాదు, సెల్లార్లో బొమ్మ. ఎస్‌యూవీ తాళం పిల్లలు ఎవరి దగ్గరుంటే వాళ్లదే అని ముందే మాట అనుకోండి. ఆ షరతు ఇద్దరికీ కుదిరితే బెంగళూరు టికెట్ కొనుక్కోండి.

ప్రశ్న: మాది టూ సీటరే. ఇంటి నుంచి స్కూలు రెండు కిలోమీటర్లు. మూడేళ్ల పాపను మా ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టుకుని, బెల్టు ఇద్దరికీ కలిపి పెట్టుకుంటే చాలదా?
— పాఠకుడు, ఏఎస్‌రావు నగర్

జవాబు: చాలదు. ఇద్దరికీ కలిపి పెట్టిన బెల్టు పాపకు రక్షణ కాదు, ప్రమాదం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనులో పదోవంతులో ఆగిపోతే, 13 కిలోల పాప దాదాపు 150 కిలోల బరువై ముందుకు తోస్తుంది. ఆ బరువును ఏ తల్లి చేతులూ ఆపలేవు. కలిపి కట్టిన బెల్టయితే వెనక నుంచి తల్లి బరువు, ముందు నుంచి పట్టీ, మధ్యలో పాప పొట్ట. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి కింద వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది. ఆర్‌సీలో సీట్లు 2 అని ఉంటే ఎక్కేది ఇద్దరే. రెండు కిలోమీటర్లకు ఆటో ఉంది.

ప్రశ్న: పిచ్చి మా ఆయనకు కాదు, నాకు. పిల్లలకు ఏడేళ్లు, పదేళ్లు. ఒక్క కారే పెట్టుకోగలం. సరదాగా నడపగలిగేది, పిల్లలిద్దరూ పట్టేది సెకండ్ హ్యాండ్‌లో ఏదైనా ఉందా?
— పాఠకురాలు, కొంపల్లి

జవాబు: ఉంది, దొరకడమే కష్టం. మా ఓటు స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ 245కు. 2020లో మన దేశానికి 200 మాత్రమే వచ్చాయి. రెండు లీటర్ల టర్బో, 245 హార్స్‌పవర్, డిక్కీ 590 లీటర్లు. చూసినవాళ్లకు ఆఫీసు బండిలా కనపడుతుంది, అదే దాని అందం. చిన్నది కావాలంటే ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ. 2016లో వచ్చింది, మూడు తలుపులది, 1.8 లీటర్ల టర్బో. వెనక్కి ఎక్కాలంటే ముందు సీటు వంచాలి. పదేళ్లవాళ్లకది ఆటే, మీ అత్తగారు వచ్చినప్పుడు మాత్రం గొడవ. గాలి తగలాలి, టాప్ తీయాలి అంటే 2020 తర్వాతి మూడు తలుపుల మహీంద్రా థార్ సాఫ్ట్ టాప్. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో పెద్దలకు, పిల్లలకు రెండిట్లోనూ 4 స్టార్లు వచ్చాయి. కొనేది వెనక సీట్లు ముందుకు తిరిగి ఉన్న వేరియంట్ అయి ఉండాలి. అది స్పోర్ట్స్ కారు కాదు, మలుపుల్లో పడవలా ఊగుతుంది.

ఏడేళ్ల పిల్లకు ఏది కొన్నా వీపున్న బూస్టర్ (బెల్టు సరిగ్గా అమరేలా పిల్లను ఎత్తుగా కూర్చోబెట్టే సీటు) కావాలి. బూస్టర్ తీసేయడానికి వయసు కాదు, ఎత్తు చూడండి. బండిని బట్టి 135 నుంచి 150 సెంటీమీటర్లు. వీపు సీటుకు ఆనించి కూర్చుంటే మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి, పాదాలు నేలకు తగలాలి, కింది పట్టీ పొట్ట మీద కాకుండా తొడల మొదట్లో ఉండాలి, పై పట్టీ మెడకు కాకుండా భుజం మధ్యలోంచి పోవాలి. ఒక్కటి తప్పినా బూస్టర్ ఉండాల్సిందే.

ప్రశ్న: 2008 మెర్సిడెస్ ఎస్ఎల్‌కే 200 చవగ్గా వస్తోంది. పొద్దున స్టార్ట్ చేస్తే ఒకటి రెండు సెకన్లు గరగరమంటుంది, తర్వాత మామూలే. "ఆయిల్ పైకెక్కడానికి టైం పడుతుంది అంతే" అంటున్నారు.
— పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: అంతే కాదు. ఆ తరం ఎం271 ఇంజన్‌కు టైమింగ్ చైన్ (వాల్వులను పిస్టన్లకు జతగా నడిపే గొలుసు) సాగడం, క్యామ్ అడ్జస్టర్ల పళ్లు అరగడం పేరుమోసిన జబ్బులు. చైన్ పన్ను దాటితే వాల్వులు పిస్టన్లను గుద్దుతాయి. చైన్, అడ్జస్టర్లు, టెన్షనర్ కలిపి మార్చే కొటేషన్ తీసుకుని ధరలోంచి తీయించండి, ఒప్పుకోకపోతే లేచి రండి. ఇంకో లెక్క కూడా ఉంది. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో చూడండి. విదేశంలో తయారై దిగుమతైన కార్లకు ఆ రెన్యువల్ ఫీజు మామూలు కార్లలా 5 వేలు కాదు, 40 వేలు. అది అయ్యాక కూడా అయిదేళ్లకోసారి మళ్లీ.

ప్రశ్న: గుడ్డ టాప్ ఉన్న పాత పోర్షే బాక్స్‌టర్ మాది. వానొస్తే సీటు కింద కార్పెట్ తడిసిపోతోంది. బయట వేపచెట్టు కింద పెడతాం. టాప్ చిరగలేదు. పిల్లాడు నీళ్ల సీసా ఒలికించాడని మొదట వాణ్ణే తిట్టాం.
— పాఠకురాలు, మారేడ్‌పల్లి

జవాబు: తప్పు పిల్లాడిది కాదు, వేపాకులది. టాప్ సగం తెరిచి ఆపితే దాని వెనక మూలల్లో నీళ్లు దిగే రంధ్రాలు కనపడతాయి. ఆకులు, పూత కుళ్లి బురదై అక్కడ బిరడా వేస్తాయి. నిండిన నీళ్లు లోపలికి దిగుతాయి. ఈ కార్లలో సీటు కింద కంట్రోల్ యూనిట్ ఒకటి ఉంటుంది. అది తడిస్తే సెంట్రల్ లాక్, అలారం పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తాయి, కొన్నిసార్లు బండే స్టార్ట్ కాదు. కాబట్టి ఆలస్యం చేయొద్దు: కార్పెట్ ఎత్తి, కింద స్పాంజి పిండి, పూర్తిగా ఆరేదాకా బ్యాటరీ తీసి ఉంచండి.

రంధ్రాలకు గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ దారం, రెండు మిల్లీమీటర్లది, చాలు. కొసను లైటర్‌తో కాల్చి గుండ్రంగా చేసి నెమ్మదిగా తోయండి. కంప్రెసర్ గాలి కొట్టించకండి. లోపలి గొట్టం అతుకు ఊడిపోతే నీళ్లు ఇంకా సుఖంగా లోపలికొస్తాయి. తర్వాత ఒక్కో రంధ్రంలో అర లీటరు నీళ్లు పోసి, బండి కింద నేల మీద పడుతున్నాయో లేదో చూడండి. జూన్ మొదటి వాన లోపు ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి. వానలో అండర్‌పాస్ దగ్గర నీళ్లు చక్రం మధ్య బిందువుకు చేరితే ఈ బండితో దిగొద్దు. మునిగి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు: సిలిండర్లోకి వెళ్లిన నీళ్లు నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే ఆ నష్టం మీదే. కవర్ ఉన్నా, నీళ్లలో మళ్లీ సెల్ఫ్ కొట్టారని తేలితే క్లెయిమ్ చిక్కులో పడుతుంది. ఫొటోలు తీసుకుని, గేరు న్యూట్రల్‌లో వేసి తోయించండి. పైకి వచ్చాక ఫ్లాట్‌బెడ్ బండి పిలవండి, తాడు కట్టి లాగించొద్దు.